25 స్లైడ్ల కణజాలాల పెట్టె: ఏవి నిలిచాయి, ఏవి మార్పించుకోవాలి

ఉపకళ (ఎపిథీలియం), సంయోజక (కనెక్టివ్), కండర, నాడీ కణజాలాలు నాలుగూ ఒకే పెట్టెలో వచ్చే రెడీమేడ్ స్లైడ్ సెట్లు ఆన్‌లైన్‌లో చాలానే దొరుకుతున్నాయి. ఇక్కడ పరిశీలించింది హర్యానాలోని అంబాలా తయారీ, 25 స్లైడ్ల చెక్కపెట్టె. ఇంటర్ జంతుశాస్త్రం ల్యాబుకూ, ఎంబీబీఎస్, నర్సింగ్, ఫిజియోథెరపీ మొదటి ఏడాది విద్యార్థులకూ సరిపోతుందా అన్నదే ప్రశ్న. ఉపకళ, సంయోజక భాగాలు బాగున్నాయి. గుండె కండరం స్లైడు మార్పించుకోవాలి. నాడీ భాగం మాత్రం చాలదు.

మూత మీద ‘హ్యూమన్’ అని ఉన్నా చాలా లేబుళ్ల మీద ‘మామల్’ (క్షీరదం) అనే ఉంది. నాలుగు రకాలను గుర్తుపట్టడం నేర్చుకోవడానికి అది లోపం కాదు, కుందేలు శ్వాసనాళంలో ఉపకళ అమరిక మనిషిలో ఉన్నట్టే ఉంటుంది. రక్తం దగ్గర మాత్రం రాజీ పడకూడదు. మనిషి ఎర్రకణం గుండ్రంగా, కేంద్రకం లేకుండా, సుమారు 7.5 మైక్రాన్ల వ్యాసంతో, నడుమ పాలిపోయి ఉంటుంది. కోలగా ఉండి మధ్యలో కేంద్రకం కనిపిస్తే అది కప్పదో కోడిదో. ఈ పెట్టెలోని లీష్మన్ రంగు వేసిన స్మియరు (గాజు మీద పలుచగా పరిచిన రక్తం) అసలైనదే, తెల్లకణాల కేంద్రకాల తమ్మెలు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

ఉపకళలో అన్నింటికన్నా మంచి స్లైడు శ్వాసనాళానిది. కేంద్రకాలు రెండు మూడు ఎత్తుల్లో ఉండటంతో పొరలు పొరలుగా ఉందనిపిస్తుంది గానీ ప్రతి కణమూ అడుగు పొరను తాకే ఉంటుంది. పై అంచున శైలికలు 40 రెట్ల కటకంలో కుచ్చులా స్పష్టంగా కనిపిస్తున్నాయి. మధ్యమధ్య ఖాళీ గిన్నెల్లా కనిపించేవి గోబ్లెట్ కణాలు. వాటిలోని శ్లేష్మం మామూలుగా వేసే హెమటాక్సిలిన్ (నీలం), ఇయోసిన్ (గులాబీ) రంగులను దాదాపు పట్టుకోదు, అందుకే ఖాళీగా అనిపిస్తాయి. శ్లేష్మాన్ని పట్టే పాస్ (PAS) రంగు వేసిన స్లైడు ఒక్కటి అదనంగా ఇచ్చి ఉంటే అవే ముదురు గులాబీ రంగులో మెరిసేవి.

మూత్రాశయం స్లైడులో కోత వాలుగా పడింది. దాంతో మూత్రాశయంలోని పరివర్తక (సాగే) ఉపకళ, అన్నవాహికలోని స్తరిత శల్కల (చదును కణాల వరుసల) ఉపకళ ఒకేలా కనిపించే ప్రమాదం ఉంది. తేడా తెలియాలంటే పై వరుస మాత్రమే చూడాలి. మూత్రాశయంలో పైకణాలు గొడుగులా ఉబ్బి, కొన్నింటిలో రెండేసి కేంద్రకాలతో ఉంటాయి. అన్నవాహికలో చదునుగా నలిగినట్టుంటాయి.

సంయోజక భాగంలో ఎముక స్లైడు మెచ్చుకోదగ్గది. ఇది అరగదీసి పలుచన చేసిన ఎముక, రంగు వేయలేదు. హేవర్షియన్ కాలువ (ఎముకలో రక్తనాళాలు వెళ్లే దారి) చుట్టూ వలయాలు, లిక్విణులు (ఎముక కణాలుండే చిన్న గుంటలు), వాటి నుంచి సాలీడు కాళ్లలా చీలిన సన్నని కాలువలు నల్లగా తేలి కనిపిస్తాయి. ఆ నలుపు రంగుది కాదు, లోపల చిక్కుకున్న గాలిది. అతికించే జిగురు లోపలికి ఇంకితే ఆ కాలువలన్నీ మాయమవుతాయి, ఇక్కడ తయారీదారు జాగ్రత్తపడ్డాడు. ఎముక కణాలు మాత్రం ఇందులో ఉండవు. వాటికోసం ఆమ్లంతో సున్నం తీసేసిన కోత విడిగా కొనుక్కోవాలి.

కొవ్వు కణజాలం ఖాళీ ఉంగరాల గుంపులా ఉందని స్లైడు చెడిపోయిందనుకోవద్దు. స్లైడు తయారీలోని ఆల్కహాల్, జైలీన్ దశల్లో కొవ్వు కరిగిపోతుంది, అంచుకు నెట్టుకుపోయిన కేంద్రకమే మిగులుతుంది. ఏరియోలార్ (వదులు సంయోజక కణజాలం) స్లైడులో మందపాటి కొల్లాజెన్ కట్టలు చక్కగా ఉన్నాయి గానీ ఎలాస్టిక్ తంతువులు వెతికినా దొరకవు. వాటికి వెర్హాఫ్ రంగో ఆర్సీన్ రంగో కావాలి.

రేఖిత కండరం నిలువు కోత బాగుంది. చారలు కనపడకపోతే కండెన్సర్ డయాఫ్రం (మైక్రోస్కోపు బల్ల కింద కాంతిని తగ్గించే తలుపు) కొంచెం మూయండి, కాంతి తగ్గి చారలు తేలతాయి. నునుపు కండరం దగ్గర విద్యార్థి తడబడేది కొల్లాజెన్‌తోనే, రెండూ గులాబీ రంగే. కండరంలో కేంద్రకం పొగచుట్టలా పొడవుగా, తంతువు లోపలే ఉంటుంది. కొల్లాజెన్‌లో సన్నగా నలిగి తంతువుల మధ్య ఉంటుంది. మాసన్ ట్రైక్రోమ్ రంగులు వేసిన స్లైడు ఒక్కటుంటే కండరం ఎర్రగా, కొల్లాజెన్ నీలంగానో ఆకుపచ్చగానో విడిపోయి ఈ గొడవే ఉండేది కాదు.

గుండె కండరం స్లైడు మరీ మందం. కణాలు ఒకదానిమీద ఒకటి పడి, శాఖలు గానీ ఇంటర్‌కలేటెడ్ డిస్కులు (కణాలు ఒకదానికొకటి అతుక్కునే చోటి గీతలు) గానీ తెలియవు. సాధారణ రంగులోనే ఆ డిస్కులు లీలగా కనపడతాయి, మందం తోడైతే ఇక ఆశే లేదు. 5 మైక్రాన్ల కోత, వీలైతే ఐరన్ హెమటాక్సిలిన్ రంగు అడిగి తీసుకోండి.

నాడీ కణజాలానికి రెండే స్లైడ్లు ఇవ్వడం అన్యాయం. వెన్నుపాము ముందు కొమ్ములోని పెద్ద న్యూరాన్లు కనిపిస్తాయి. నాడి అడ్డకోతలో మయలిన్ (నాడీతంతువు మీది కొవ్వు తొడుగు) స్లైడు తయారీలో కరిగిపోయి, ఆక్సాన్ (నాడీకణపు పొడవాటి తంతువు) చుట్టూ ఖాళీ వలయం మిగిలింది. కొవ్వును నలుపు చేసే ఆస్మియం వేస్తే అదే మయలిన్ నల్లటి ఉంగరంలా నిలుస్తుంది. ఈ రెండింటితో న్యూరాన్ చెట్టులా ఎలా శాఖలు చాస్తుందో ఎవరికీ తెలియదు.

పెట్టె రాగానే ఒక్కో స్లైడూ కిటికీ వెలుతురుకు పట్టి చూడండి. కవర్ స్లిప్ కింద బుడగలు, అంచుల నుంచి వెనక్కి తగ్గిన డీపీఎక్స్ (కవర్ స్లిప్‌ను అతికించే జిగురు), ముడతల నల్లగీతలు ఉంటే వెంటనే మార్పించుకోవాలి. 4, 10 రెట్లలో బాగా కనిపించి 40లో ఫోకస్ కుదరకపోతే ముందు స్లైడు తిరగబడిందేమో చూడండి. కవర్ స్లిప్ సుమారు 0.17 మిల్లీమీటర్లు, స్లైడు గాజు మాత్రం 1 మిల్లీమీటరు పైనే. తిరగేసి పెడితే 40 రెట్ల కటకం ఆ మందం దాటి కణజాలాన్ని అందుకోలేదు. బలవంతంగా దించితే గాజు పగులుతుంది, కటకం గీసుకుపోతుంది.

100 రెట్ల కటకంతో చూశాక నూనెను లెన్స్ కాగితంతో అద్దాలి. జైలీన్ ధారాళంగా వాడితే అంచుల్లో డీపీఎక్స్ కరిగి కవర్ స్లిప్ జారుతుంది. ఎండ తగిలితే ఇయోసిన్ వెలిసిపోతుంది. పెట్టెను పుస్తకంలా నిలువుగా నిలబెడితే లోపలి స్లైడ్లు పడుకునే ఉంటాయి, జిగురు పూర్తిగా గట్టిపడని కొత్త స్లైడ్లలో కణజాలం పక్కకు జారదు.