డెస్క్‌టాప్ ప్రోగ్రాములకు ఏది మేలు: క్యూటీ క్రియేటరా, విఎస్ కోడా?

విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లోని ఒక కిరాణా దుకాణానికి బిల్లుల ప్రోగ్రాం రాస్తామని మద్దిలపాలెంలో నా దగ్గర చదువుకునే ఇద్దరు డిప్లొమా విద్యార్థులు ముందుకొచ్చారు. భాష సీ ప్లస్ ప్లస్, తెరమీద విండోలు, బటన్లు కట్టడానికి క్యూటీ 6 అనే సిద్ధంగా ఉన్న కోడు సముదాయం. అమ్మాయి కోడు రాయడానికి, క్యూటీ కోసమే తయారైన క్యూటీ క్రియేటర్ ఎంచుకుంది. అబ్బాయి అలవాటైన, అన్ని భాషలకూ వాడే కోడ్ ఎడిటర్ విఎస్ కోడ్‌నే నమ్ముకున్నాడు. ఆమె ఆ సాయంత్రమే బటన్ నొక్కి బిల్లు మొత్తం చూపించింది. అతను రెండు రోజులు లింకర్ (కోడు ముక్కలను ఒకే ప్రోగ్రాంగా కలిపే పనిముట్టు) చూపిన తప్పులతో పెనుగులాడాడు. తెలివిలో ఇద్దరూ సమానమే.

తేడా ఎక్కడుందంటే, క్యూటీలోని సిగ్నళ్లు (బటన్ నొక్కారు వంటి కబుర్లు), స్లాట్లు (వాటికి స్పందించే ఫంక్షన్లు) సీ ప్లస్ ప్లస్‌కు సొంతం కావు. మోక్ అనే పనిముట్టు ముందుగా వాటికి అదనపు కోడు తయారుచేయాలి. విండోలు గీసే డిజైనర్ అనే పనిముట్టులో గీసిన విండోను సీ ప్లస్ ప్లస్ చదవగల హెడర్ ఫైలుగా మార్చేది మరొకటి, యూఐసీ. క్రియేటర్‌లో కొత్త ప్రాజెక్టు తెరిస్తే ఇందుకు కావలసిన వరుసలు సీమేక్ ఫైలులో (ప్రోగ్రాంను ఎలా కట్టాలో చెప్పే ఫైలు) వాటంతటవే చేరతాయి. కోడును యంత్ర భాషలోకి మార్చే కంపైలర్, తప్పులు వెతకడానికి తోడ్పడే డీబగ్గర్, క్యూటీ వెర్షన్ మూడింటినీ కలిపి ‘కిట్’ అంటారు. దాన్ని ఎంచుకుంటే చాలు.

విఎస్ కోడ్‌లో సీమేక్ టూల్స్, సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్లు (అదనపు భాగాలు) వేసుకుని, క్యూటీ ఏ ఫోల్డరులో ఉందో మనమే చెప్పాలి. ఆ విద్యార్థి మింగ్‌డబ్ల్యూ అనే కంపైలర్ కోసం కట్టిన క్యూటీని విజువల్ సీ ప్లస్ ప్లస్ కంపైలర్‌తో కలపబోయాడు. ఆ రెండూ కలవవు. కంపైలర్ మార్చగానే విండో తెరుచుకుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది డీబగ్గర్. సరుకు పేరు ‘కందిపప్పు’ అని ఉంటే క్రియేటర్ ఆ తెలుగు అక్షరాలనే చూపిస్తుంది. విఎస్ కోడ్‌లో తగిన ఏర్పాటు లేకపోతే లోపలి పాయింటర్లే (మెమరీ చిరునామాలే) కనిపిస్తాయి. క్యూటీ సంస్థే ఇచ్చే ఎక్స్‌టెన్షన్‌తో ఈ లోటు చాలావరకు తీరుతుంది.

అలాగని విఎస్ కోడ్‌ను తక్కువ చేయను. అదే ప్రాజెక్టులో పైథాన్ స్క్రిప్టులు, డేటాబేస్ ప్రశ్నలు, వెబ్ పేజీ కూడా ఉంటే నేనూ దానిలోనే కూర్చుంటాను. మొదటి విండో కట్టేవారికి మాత్రం క్రియేటరే ఇస్తాను, సందేహం లేదు.

దుకాణానికి అప్పగించేటప్పుడు ఇద్దరిదీ ఒకే దారి: విన్‌డిప్లాయ్‌క్యూటీ అనే క్యూటీ పనిముట్టును నడిపి, ప్రోగ్రాం నడవడానికి కావలసిన డీఎల్ఎల్ ఫైళ్లను ప్రోగ్రాం పక్కన చేర్చాలి. క్రియేటర్‌లో నడిచింది కదా అని అమ్మాయి ఆ పని మరిచింది. దుకాణం కంప్యూటర్‌లో ప్రోగ్రాం తెరుచుకోలేదు. ఆ ఫైళ్లు తీసుకుని మర్నాడు మళ్లీ పూర్ణా మార్కెట్‌కు వెళ్లింది.