మా సారు కాగితాలు స్కాన్ చేయించిన షాపు

హనుమకొండ చౌరస్తా దగ్గర మెట్లెక్కి రెండో అంతస్తుకు పోవాలి. లిఫ్టు లేదు. నాకు 76 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అయినా ఈ షాపుకు ఏడుసార్లు వెళ్లాను.

మా సారు, అంటే మా ఆయన, రెండుసార్లు ఎమ్మెల్యేగా చేశారు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. మూడు ట్రంకు పెట్టెల నిండా కాగితాలు మిగిలాయి: ఉత్తరాలు, డైరీలు, అసెంబ్లీలో మాట్లాడటానికి రాసుకున్న నోట్సు, కరపత్రాలు, ఫొటోలు. వర్ధంతి దగ్గరికొస్తే చాలు, "అమ్మా, పెద్దసారు ఫొటో ఒక్కటియ్యండి, ఫ్లెక్సీకి" అని వస్తారు. ఆయన పార్టీ వాళ్లు వస్తారు, ఆయన బతికున్నన్నాళ్లు కొట్లాడిన పార్టీ వాళ్లూ వస్తారు. ఇచ్చింది తిరిగి రాదు. మొదటిసారి అసెంబ్లీకి వెళ్లిన 1983 డైరీని పుస్తకం రాస్తానని ఒకాయన పట్టుకపోయారు. అడిగితే ఎవరికో ఇచ్చానన్నారు. ఇంకోచోట పాత ఫొటోకు కాపీ తీయమంటే, నన్ను అడగకుండానే లామినేషన్ చేసిపెట్టారు. వేడికి ఫొటో బుడగలు లేచింది. ఆ ప్లాస్టిక్ ఇక ఊడదు. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

అందుకే ఇక్కడ మొదటిరోజు పది కాగితాలే ఇచ్చి, పక్కనే కూర్చుని చూశాను. షాపు నడిపే పిలగాడు ముందు చేతులు కడుక్కుని తుడుచుకున్నాడు. తుప్పు పట్టిన గుండుసూదులను గుంజలేదు. కాగితానికీ సూదికీ మధ్య సన్నని ప్లాస్టిక్ ముక్క జొనిపి మెల్లగా వదులు చేశాడు. కాగితాలను దానంతటదే లోపలికి లాక్కునే మిషన్ ఉన్నా వాడలేదు. పాత న్యూస్‌ప్రింట్ మడతల దగ్గర చినుగుతుందట. అద్దం మీద ఒక్కొక్కటే పరిచి తీశాడు. రాతకు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ లెక్క), ఫొటోలకు 600. పేజీకి 4 రూపాయలు, ఫొటోకు 15.

ఎమర్జెన్సీలో మా సారు వరంగల్ సెంట్రల్ జైల్లో ఉన్నారు. అక్కడి నుంచి నాకు రాసిన ఇన్‌లాండ్ లెటర్లు 23 ఉన్నాయి, జైలు ముద్రలతో. ఆ జైలును ఆసుపత్రి కోసం 2021లో కూల్చేశారు. ఆ ఉత్తరాలు చేతికి రాగానే పిలగాడు మొదటిది కొంచెం చూసి ఆపేశాడు. "అమ్మా, ఇవి మీకు రాసినవి. బాబు జ్వరం గురించి, బియ్యం అప్పు గురించి ఉంది. అందరికిచ్చే దాంట్ల పెట్టాల్నా, వేరే పెట్టాల్నా?" అన్నాడు.

తొమ్మిదేళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. వేరే పెట్టమన్నాను. అవి నావి.

తెలిసిన వకీలు ఇంకో సంగతి చెప్పారు. ఇతరులు మా సారుకు రాసిన ఉత్తరాల కాగితం మన దగ్గరున్నా, అందులోని రాత మీద హక్కు రాసినవాళ్లదే, వాళ్లు పోయాక వారసులది. అచ్చు వేయాలంటే వాళ్లనడగాలి. అందుకని మూడు ఫోల్డర్లయ్యాయి: ఆయన రాసినవి, ఆయనకు వచ్చినవి, నావి.

లాల్ బహదూర్ శాస్త్రి గారు కారు కోసం బ్యాంకులో తీసుకున్న 5,000 అప్పును, ఆయన పోయాక లలితా శాస్త్రి గారు పెన్షన్‌తో తీర్చారని మా సారు తరచూ చెప్పేవారు. నాకు అప్పులేమీ పెట్టిపోలేదు. ఈ పెట్టెలే పెట్టిపోయారు.

లోపాలూ చెప్పాలి. మూడు వారాలన్నది ఏడు వారాలు పట్టింది, మధ్యలో ఫోన్ ఎత్తకపోతే చాలా టెన్షన్ పడ్డాను. ఫైళ్లకు ఉట్టి నంబర్లే వేసి ఇచ్చాడు, ఏది ఏ ఉత్తరమో తెలియలేదు. ఆయన చేతిరాతను కంప్యూటర్ చదవలేకపోయింది. దాంతో నేనే కూర్చుని తేదీ, ఊరు, ఎవరికి అని రిజిస్టర్ రాశాను. దాన్ని చూసి పేర్లన్నీ మార్చి ఇచ్చాడు, అదనంగా పైసా తీసుకోలేదు. క్యాసెట్లు మాత్రం ఇక్కడ చేయరు. రెండింటికి బూజు పట్టింది, వాటిని ఇంట్లో టేప్‌రికార్డర్‌లో వేసి చూడొద్దని చెప్పాడు.

1,140 పేజీలు, 86 ఫొటోలు. మొత్తం 5,850 రూపాయలు, రెండు హార్డ్ డిస్కులు వేరే. ఒకటి నా బీరువాలో, ఒకటి మా బిడ్డ దగ్గర ఉంది. మెట్లెక్కలేని వాళ్లు కింది నుంచి ఫోన్ చేస్తే పిలగాడే దిగొచ్చి సంచి తీసుకుపోతాడు. నాకు ఐదోసారికి తెలిసింది.

1983 డైరీ పట్టుకపోయిన వారు ఇది చదివితే, నాకు ఇవ్వడానికి మొహమాటమైతే ఈ షాపులో ఇచ్చిపోండి. స్కానింగ్ పైసలు నేను కడతాను.