నాలుగేళ్లుగా అప్‌లోడ్-ఆర్టిఫాక్ట్: పచ్చ టిక్కు చూసి వదిలేయకండి

కోడ్‌ని ఆటోమేటిగ్గా బిల్డ్, టెస్ట్ చేసే గిట్‌హబ్ యాక్షన్స్‌లో అప్‌లోడ్-ఆర్టిఫాక్ట్‌ని నాలుగేళ్లుగా రోజూ వాడుతున్నాను. ఒక జాబ్‌లో తయారైన ఫైళ్లను (ఆర్టిఫాక్టులను) తర్వాతి జాబులకూ, మనుషులకూ అందేలా దాచిపెట్టే రెడీమేడ్ స్టెప్ ఇది. మా ఆండ్రాయిడ్ యాప్ బిల్డులన్నీ దీని మీదుగానే టెస్టర్ల చేతికి వెళ్తాయి. ఇది లేకుండా మా పని సాగదు. అయితే దీనికి ఏం చెప్పామో, అదే చేస్తుంది.

ఒక రిలీజ్ రాత్రి బిల్డ్ జాబ్ పచ్చగా ఉంది, అప్‌లోడ్ స్టెప్ కూడా పచ్చగానే ఉంది. తర్వాతి జాబ్ మాత్రం ఆర్టిఫాక్ట్ దొరకలేదంటూ ఆగిపోయింది. టెన్షన్‌లో మూడుసార్లు రీ-రన్ కొట్టాం. చివరికి అప్‌లోడ్ స్టెప్ లాగ్ తెరిస్తే, ఇచ్చిన పాత్‌లో ఫైళ్లే లేవని ఒక్క వార్నింగ్ లైను కనిపించింది. తప్పు మా యామల్ ఫైల్లోనే (ఏ స్టెప్ ఏం చేయాలో రాసుకునే వర్క్‌ఫ్లో ఫైలు) ఉంది. డిఫాల్ట్స్‌లో వర్కింగ్-డైరెక్టరీని 'మొబైల్' అని పెట్టుకున్నాం. అది కమాండ్లు నడిపే రన్ స్టెప్పులకే వర్తిస్తుంది, అప్‌లోడ్-ఆర్టిఫాక్ట్ లాగా యూజెస్‌తో పిలిచే రెడీమేడ్ యాక్షన్లకు వర్తించదు. దాంతో అప్‌లోడ్ స్టెప్ రిపో రూట్‌లోనే (ప్రాజెక్టు పై ఫోల్డర్‌లోనే) వెతికింది. పాత్ ముందు 'మొబైల్/' చేర్చగానే ఏపీకే (యాప్ ఇన్‌స్టాల్ ఫైలు) ఎక్కింది.

ఫైళ్లు లేకపోతే వార్నింగ్ ఇచ్చి ముందుకు పోవడమే డిఫాల్ట్. ఇఫ్-నో-ఫైల్స్-ఫౌండ్ అనే సెట్టింగ్‌కి 'ఎర్రర్' అని పెడితే అక్కడికక్కడే ఫెయిలవుతుంది. ఆ రాత్రే అన్ని వర్క్‌ఫ్లోల్లో ఆ లైను చేర్చాను. మీరు కూడా తప్పకుండా చేర్చుకోండి.

2023 డిసెంబరులో వచ్చిన నాలుగో వెర్షన్‌తో అప్‌లోడ్ బాగా వేగం పుంజుకుంది. కానీ ఒక రన్‌లో ఒక పేరు ఒక్కసారే వాడాలి. మ్యాట్రిక్స్‌లోని (ఒకే జాబ్‌ని వేర్వేరు విలువలతో నడిపే సెటప్) నాలుగు జాబులూ ఒకే పేరుతో పంపితే, మొదటిది ఎక్కుతుంది, మిగతావాటికి ఆ పేరు ఇప్పటికే ఉందంటూ 409 కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్ వస్తుంది. పేరు చివర మ్యాట్రిక్స్ విలువ తగిలించి, డౌన్‌లోడ్ చేసేటప్పుడు ప్యాటర్న్, మెర్జ్-మల్టిపుల్ ఆప్షన్లు వాడితే అన్నీ ఒకే ఫోల్డర్‌లోకి వస్తాయి. ఓవర్‌రైట్ ఆప్షన్‌తో సరిపెట్టాలని చూడకండి, అది పాతదాన్ని తీసేసి కొత్తది పెడుతుందే తప్ప రెండింటినీ కలపదు.

4.4 వెర్షన్ నుంచి చుక్కతో మొదలయ్యే (హిడెన్) ఫైళ్లు వాటంతట అవి ఎక్కవు. టెస్టులు ఎంత కోడ్‌ని తాకాయో రాసిపెట్టే పైథాన్ కవరేజ్ ఫైలు పేరు కూడా చుక్కతోనే మొదలవుతుంది, అది మాయమైతే ముందు ఇదే చూడండి. ఇంక్లూడ్-హిడెన్-ఫైల్స్ ఆన్ చేస్తే వస్తుంది. కాకపోతే పాత్ విశాలంగా ఇస్తే పాస్‌వర్డులున్న ఎన్వ్ ఫైలు కూడా ఆర్టిఫాక్ట్ జిప్‌లో చేరిపోతుంది. అందుకే ఆ ఒక్క ఫైలు పాత్ మాత్రమే ఇస్తాను.

జిప్‌లో ఎగ్జిక్యూట్ పర్మిషన్ (ఫైలును ప్రోగ్రామ్‌లా నడిపే అనుమతి) నిలవదు. అందుకే స్క్రిప్టులను ముందు టార్ చేసి (పర్మిషన్లతో సహా ఒకే ఫైలుగా కట్టి) పంపుతున్నాను. ఆర్టిఫాక్టులు మామూలుగా 90 రోజులుంటాయి. పుల్ రిక్వెస్ట్ (ఇంకా కలపని కోడ్ మార్పు) బిల్డులకు ఎన్ని రోజులుంచాలో చెప్పే రిటెన్షన్-డేస్ 7 పెట్టుకున్నాం, ఇంతవరకూ ఇబ్బంది రాలేదు.