గేటు ముందు బస్ షెల్టర్ చూసి ప్లాట్ కొనకండి

హనుమకొండ చుట్టుపక్కల ప్లాట్ చూస్తున్నవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో బండి లేనివాళ్లు, దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి. "గేటు ముందుకే సిటీ బస్సు వస్తుంది" అన్న మాట నమ్మి మేం 200 గజాలు కొన్నాం. లోను తీసుకుని ఇల్లు కట్టుకున్నాం. ఆ గేటు ముందుకు సిటీ బస్సు రాదు. ఎప్పుడూ రాలేదు.

నేను వరంగల్‌లో ఒక ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుని. స్కూటీ నడపడం రాదు. మా ఆయనకు భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఉద్యోగం, వారానికి ఒక్కరోజు ఇంటికి వస్తారు. పాప హనుమకొండలో ఇంటర్ చదువుతోంది. అందుకే ధర కంటే ముందు, నీళ్ల కంటే ముందు, మేం అడిగింది బస్సు గురించే. ఏజెంట్ ఫోన్ చేసిన మొదటి రోజే "బస్సు లేకపోతే మాకు వద్దు బాబూ" అని చెప్పాను. బహుశా అక్కడే మా అవసరం ఏమిటో అతనికి తెలిసిపోయింది.

2024 వేసవిలో ఒక ఆదివారం సైట్ విజిట్ పెట్టారు. కరీంనగర్ రోడ్డులో హసన్‌పర్తి దాటాక, మెయిన్ రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి వెళ్లాలి. హనుమకొండలో మమ్మల్ని ఎక్కించుకున్నది ఆర్టీసీ బస్సే. అద్దం మీద వెంచర్ పేరుతో కాగితం అంటించి ఉంది, పైన బోర్డులో 'స్పెషల్' అని ఉంది. నయీంనగర్, కేయూ క్రాస్ రోడ్డు, భీమారం మీదుగా రోజూ నేను తిరిగే దారిలోనే వెళ్తుంటే నాకు అందులో తేడా ఏమీ కనిపించలేదు. గేటు పక్కన కొత్తగా రంగులు వేసిన షెల్టర్, సిమెంటు బెంచీలు, మీద 'బస్ స్టాప్' అని పెద్ద అక్షరాలు. బస్సు సరిగ్గా ఆ షెల్టర్ ముందే ఆగింది.

"చూసిన్రా అక్కా, బస్సు ఈడిదాక వస్తది. మీకు టికెట్ కూడ ఉండదు. ఆధార్ కార్డు చూపెడితే చాలు, రూపాయి ఖర్చు లేకుండ డ్యూటీకి పోయి రావచ్చు" అన్నాడు ఆ ఏజెంట్ అబ్బాయి.

మహాలక్ష్మి పథకం నిజమే. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్ ఇస్తున్నారు. నేనూ రోజూ అదే తీసుకుంటున్నాను. తెలిసిన నిజం పక్కన పెట్టి చెప్పేసరికి అబద్ధం కూడా నిజంలాగే వినిపించింది. బ్రోచర్‌లో కూడా "గేటు ముందే సిటీ బస్ సౌకర్యం" అని అచ్చు వేసి ఉంది. గజం 9 వేల చొప్పున 18 లక్షలు. "ఇవ్వాళ బుక్ చేస్తేనే ఈ రేటు" అంటే అక్కడికక్కడే 3 లక్షలు కట్టేశాం.

ఇల్లు కట్టుకుని దిగిన తర్వాతి సోమవారం పొద్దున ఆరున్నరకు పాపా నేనూ ఆ షెల్టర్‌లో కూర్చున్నాం. ఏడయింది. ఏడున్నర అయింది. గొర్లు తోలుకుపోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. "ఈ తొవ్వల బస్సు రాదు బిడ్డా. చెరువు కట్ట కాడికి పోవాలె" అన్నాడు. చెరువు కట్ట అక్కడికి కిలోమీటరు పైనే. బస్సు వెళ్లేది అటు నుంచి, వేరే రోడ్డు మీదుగా. అది సిటీ బస్సు కూడా కాదు, అవతలి ఊళ్లకు వెళ్లే పల్లెవెలుగు. రోజుకు మూడు ట్రిప్పులు. హనుమకొండ నుంచి ఆఖరి బస్సు సాయంత్రం ఆరుంబావుకు.

నా ఈవినింగ్ డ్యూటీ అయ్యేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు మెయిన్ రోడ్డు మీద వెళ్లే బస్సు ఎక్కి క్రాస్ దగ్గర దిగుతాను. ఎక్స్‌ప్రెస్ అయితే అక్కడ ఆగదు కాబట్టి మళ్లీ పల్లెవెలుగు కోసమే చూడాలి. అక్కడి నుంచి నాలుగు కిలోమీటర్లు, లైట్లు లేవు, ఆటో దొరికితే 150 రూపాయలు. దొరకని రోజు ఎవరికి ఫోన్ చేయాలా అని బస్సులో ఉన్నప్పటి నుంచే టెన్షన్. పాప విషయంలో మాత్రం ఆ ధైర్యం చేయలేకపోయాం. రెండు నెలలు చూసి హాస్టల్‌లో చేర్చాం. పాప రోజూ ఇంటికి రావాలని కట్టుకున్న ఇల్లు ఇది.

డిపోకు వెళ్లి అడిగాను. అక్కడి సారు ఓపికగా విన్నారు, కూర్చోబెట్టి చెప్పారు. ఆ మాటలు కొనేముందు వినుంటే మేం కొనేవాళ్లం కాదు. ఆ ఆదివారం వచ్చినది అద్దె బస్సు. పెళ్లిళ్లకు, యాత్రలకు డబ్బు కడితే ఆర్టీసీ బస్సులు ఎవరికైనా అద్దెకు ఇస్తారు కదా, వెంచర్ వాళ్లూ అలాగే తీసుకున్నారు. షెల్టర్ ఆర్టీసీ కట్టింది కాదు. రోడ్డు పక్కన నాలుగు స్తంభాలు నిలబెట్టి 'బస్ స్టాప్' అని రాసుకున్నంత మాత్రాన అది స్టాప్ అయిపోదు. ఆ పేరుతో కండక్టర్ టికెట్ మిషన్‌లో స్టేజీయే లేదు. పల్లెవెలుగు బస్సు చెయ్యెత్తితే ఆగుతుంది, నిజమే. కానీ అది మన దారిలో వస్తే కదా చెయ్యెత్తేది.

కొత్తగా బస్సు వేయరా అని అడిగితే దానికీ లెక్క ఉందన్నారు. ఎంతమంది ఎక్కుతారు, కిలోమీటరుకు ఎంత వస్తుంది, రోడ్డు వెడల్పు ఎంత, చివర బస్సు తిప్పుకోవడానికి స్థలం ఉందా, ఇవన్నీ సర్వే చేసి చూస్తారట. మా వెంచర్‌లో 140 ప్లాట్లకు ఇల్లు కట్టుకుని ఉంటున్నది 11 కుటుంబాలు. పదకొండు ఇళ్ల కోసం బస్సు వేయమని గట్టిగా అడగడానికి నాకే నోరు రాలేదు. ఆ సారు మీద నాకు ఏ కోపమూ లేదు. లేని బస్సును మాకు అమ్మినవాళ్ల మీదే నా కోపమంతా.

ఏజెంట్‌ను నిలదీస్తే "వస్తది అన్న కానీ, ఎప్పటిసంది అని అన్ననా అక్కా" అన్నాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు.

మీరు మాలా చేయకండి. ఆదివారం వాళ్ల బస్సులో, వాళ్ల కారులో వెళ్లి చూసి రావద్దు. మామూలు పనిరోజున, మీకు మీరుగా, బస్సులోనే వెళ్లండి. కండక్టర్‌ను ఆ స్టాప్ పేరు చెప్పి టికెట్ అడగండి. మిషన్‌లో ఆ పేరు లేదంటే సంగతి అక్కడే తేలిపోతుంది. సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికో బస్టాండ్‌లో కనుక్కుని, ఒక్కసారైనా ఆ బస్సుకే అక్కడికి వెళ్లి చూడండి. ఆదివారాలు, స్కూళ్ల సెలవుల్లో ట్రిప్పులు ఉంటాయా అని ఊళ్లో హోటల్ దగ్గర అడగండి. మేడారం జాతర రోజుల్లో ఆర్టీసీ వేల బస్సులు అటు నడుపుతుంది, అప్పుడు ఆ ఊరి బస్సు సంగతి ఏమవుతుందో కూడా అడగండి. బస్సు ఎక్కడుందో చూపించే ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్ ఉంది, డిపోల్లో 'డయల్ యువర్ డీఎం' అని ఫోన్ కార్యక్రమం పెడుతుంటారు, అందులో నేరుగా డిపో మేనేజర్‌నే అడగొచ్చు. కాగితం మీద జవాబు కావాలంటే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్లాట్ కోసం ఏళ్లు ఆగినవాళ్లం, ఇంకో నెల ఆగితే పోయేదేం లేదు.

మా వెంచర్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉంది. అది ఉంటే ఇంకేం భయం లేదనుకున్నాం. లేఅవుట్, అనుమతులు, టైటిల్ లాంటివి అక్కడ చూసుకోవచ్చు. బస్సు వస్తుందో రాదో అందులో తెలియదు. కానీ అదే చట్టం మనకు పనికొచ్చే మాట ఒకటి చెబుతోంది. 2016 రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రకటనలోనో బ్రోచర్‌లోనో తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోతే అమ్మినవాళ్లు పరిహారం ఇవ్వాలి. 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్ రాసుకుని రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదు. 18 లక్షలకు మేం కట్టిన 3 లక్షలు ఎంత శాతమో ఆ రోజు లెక్క వేసుకోలేదు. బస్సు మాట అగ్రిమెంట్‌లో రాయించుకోలేదు కూడా. మీరు రాయించండి. రాయం అంటే మీకు జవాబు దొరికినట్టే. బ్రోచర్, వాట్సాప్ మెసేజీలు, సైట్ దగ్గర తీసిన ఫొటోలు ఒక్కటీ పారేయకండి.

మేం పదకొండు ఇళ్లవాళ్లం కలిసి పాత బ్రోచర్ జతచేసి రెరాకు ఫిర్యాదు రాస్తున్నాం. ఈలోగా వాళ్లు పక్కనే ఫేజ్ టూ మొదలుపెట్టారు. కొత్త బ్రోచర్ చూశాను. "గేటు ముందే సిటీ బస్ సౌకర్యం" అన్న చోట ఇప్పుడు "ప్రతిపాదిత సిటీ బస్ స్టాప్" అని ఉంది, 'ప్రతిపాదిత' అన్న మాట మాత్రం చీమ తలకాయంత. నోటితో మాత్రం పాత మాటే చెబుతున్నారు. షెల్టర్‌కు మళ్లీ రంగులు వేస్తున్నారు.

వచ్చే ఆదివారం సైట్ విజిట్ ఉందట. మళ్లీ ఆర్టీసీ బస్సే వస్తుంది, గేటు ముందే ఆగుతుంది. మీలో ఎవరైనా అందులో వస్తే, దిగేముందు ఆ డ్రైవర్ గారిని ఒక్క మాట అడగండి: "అన్నా, రేపు సోమవారం కూడా ఇక్కడికి బస్సు వస్తుందా?"