లాగే కుక్కకు ముందు రింగు హార్నెస్: బెంగళూరు రోడ్ల మీద ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరులో పెట్ షాపుకు వెళ్లి హార్నెస్ (మెడకు బదులు కుక్క ఒంటికి తొడిగే పట్టీలు) అడిగితే చాలాచోట్ల ముందు చేతిలో పెట్టేది వీపు మీద ఒకే రింగు ఉన్న మెత్తటి జాకెట్ లాంటి రకం. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, తొడగడం తేలిక, ధర కూడా తక్కువే. కానీ లాగే అలవాటున్న లాబ్రడార్‌కు అది తొడిగితే లాగడం ఇంకా పెరుగుతుంది. మెడ బెల్టుతో లాగినప్పుడు గొంతు నొక్కుకుంటుంది కాబట్టి కుక్క ఎక్కడో ఒకచోట తగ్గుతుంది. వీపు రింగుతో ఆ బరువంతా రొమ్ము మీద పరుచుకుంటుంది, ఇక తగ్గాల్సిన పనేముంది? మంచు మీద బండ్లు లాగే కుక్కలకు కట్టే పట్టీలు పనిచేసేదీ ఇలాగే. ఇక్కడ చెప్పబోయేది రెండో రకం గురించి: వీపు మీద ఒకటి, రొమ్ము ముందు ఒకటి, రెండు చోట్లా లీష్ (మనం చేత్తో పట్టుకునే తాడు) తగిలించుకోవచ్చు.

ముందు రింగు చేసే పని చాలా చిన్నది. కుక్క ముందుకు దూకగానే లీష్ బిగుసుకుంటుంది, దాంతో రొమ్ము పక్కకు తిరుగుతుంది. ఒళ్లు పక్కకు తిరిగాక బలమంతా ఒకే దిక్కున పెట్టడం దానికి కుదరదు. ముప్ఫై కిలోల కుక్కను అరవై ఏళ్ల అమ్మమ్మ లిఫ్టు దాకా నడిపించగలగడానికి ఇది చాలు. నడక నేర్పడానికి మాత్రం చాలదు. ఆ తేడా తెలియక కొన్నవాళ్లే రెండు నెలలకు ‘పనిచేయలేదు’ అని ఒక స్టార్ ఇస్తుంటారు. బిగుతు తగ్గితే చేతిలోంచి ఏదో దొరుకుతుందని కుక్కకు నేర్పాల్సింది మనిషే. ఆ నేర్పే నాలుగు వారాల పాటు చేతులు, మోకాళ్లు దెబ్బతినకుండా కాపాడడం హార్నెస్ పని.

కొనేముందు ఆకారం చూడాలి. రొమ్ము ముందు పట్టీలు ‘వై’ అక్షరంలా కలిసేది మంచిది. ఆ కలిసే చోటు గొంతు మీద కాకుండా రొమ్ము ఎముక మీద కూర్చోవాలి. రెండు భుజాల మీదుగా అడ్డంగా ఒకే పట్టీ పోయే రకం కూడా లాగడాన్ని తగ్గిస్తుంది, కానీ ముందుకాలు చాచిన ప్రతిసారీ ఆ పట్టీ భుజానికి అడ్డం పడుతుంది. రోజూ గంట నడిచే కుక్కకు, అందులోనూ ఏడాది లోపు ఎదిగే పిల్లకు అది వద్దు. రఫ్‌వేర్ కంపెనీ ఫ్రంట్ రేంజ్ అనే మోడల్ ‘వై’ రకానికి తెలిసిన ఉదాహరణ. దానికి వీపు మీద అల్యూమినియం రింగు, ముందు గట్టిగా కుట్టిన నైలాన్ లూపు ఉంటాయి. దిగుమతి సరుకు కాబట్టి ఖరీదెక్కువ. అదే నమూనాలో తక్కువ ధరకు దొరికేవి చాలానే ఉన్నాయి. వాటిలో చూడాల్సింది ముందు రింగు ఎలా బిగించారన్నదే. అడ్డం కుట్లు, వాటి మీద గుణకారం గుర్తులా మళ్లీ కుట్లు ఉంటే సరే. ఒకే వరస కుట్టుంటే అక్కడే పెట్టేసి రండి.

సైజు విషయంలో పెట్టె మీద రాసిన బ్రీడ్ పేరును నమ్మకండి. టైలర్ టేపుతో రెండు కొలతలు తీయాలి: మెడ అడుగుభాగం చుట్టూ ఒకటి, ముందుకాళ్ల వెనక పక్కటెముకలు బాగా వెడల్పున్న చోట చుట్టూ ఒకటి. కొలత రెండు సైజుల మధ్య పడితే, ఎదిగే పిల్లకు పెద్దది తీసుకుని బిగించుకోవచ్చు. పెద్ద కుక్కకైతే రెండూ తొడిగి చూడటమే దారి. అందుకే ఆన్‌లైన్లో పది నిమిషాల్లో తెప్పించుకోవడం కన్నా కుక్కను వెంట తీసుకెళ్లే షాపు నయం. తొడిగాక ప్రతి పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వదులు. పొట్ట పట్టీ మోచేయికి రెండు మూడు వేళ్ల దూరం వెనక ఉండాలి. దగ్గరగా ఉంటే వారంలోపే చంకలో వెంట్రుకలు రాలి చర్మం ఎర్రబడుతుంది. చివరి పరీక్ష: కుక్కకు ఎదురుగా నిలబడి, ట్రీట్ (మెచ్చుకోలుగా పెట్టే చిన్న తిండి ముక్క) చూపిస్తూ లీష్‌ను నెమ్మదిగా మీవైపు లాగండి. అది వెనక్కి నడిచేటప్పుడు హార్నెస్ తల మీదుగా జారితే ఆ సైజు గానీ ఆ మోడల్ గానీ దానిది కాదు. భయపడ్డ కుక్క రోడ్డు మీద తప్పించుకునేది సరిగ్గా ఇలాగే.

ఇంటికి తెచ్చిన రోజే తల మీదుగా బలవంతంగా దూర్చేయడం అందరూ చేసే తప్పు. తర్వాత హార్నెస్ చూడగానే కుక్క సోఫా కిందికి పోతుంది. మెడ లూపును ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో అందులోంచి శనగ గింజంత ఉడికించిన చికెన్ ముక్కో పనీర్ ముక్కో చూపించండి. మూతి తనంతట తాను లూపులోకి రావాలి. మొదటి రెండు రోజులూ అంతే, రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి రెండేసి నిమిషాలు. ఆ తర్వాత బకిల్ ‘టక్’ మన్న చప్పుడుకు ఒక ముక్క, ఒంటి మీద కాకుండా చేతిలోనే నొక్కి. ఆ పైన తొడిగి, అన్నం గిన్నె ముందు పెట్టి, తినగానే తీసేయాలి. నాలుగైదు రోజుల్లో మీరు హార్నెస్ చేతిలోకి తీసుకోగానే కుక్క తలుపు దగ్గర తోక ఊపుతూ నిలబడుతుంది. కుక్కను పెంచడంలో ఉన్న సరదా అంతా ఇలాంటి చోటే కనిపిస్తుంది. ట్రీట్లు రోజు తిండిలో పదోవంతు దాటకుండా చూసుకోండి, ఆ మేరకు గిన్నెలో తగ్గించండి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లిపాయ మాత్రం ఎంత కొంచెమైనా వద్దు.

నడక నేర్పడం హాల్లో మొదలుపెట్టాలి, రోడ్డు మీద కాదు. లీష్ ఐదారు అడుగులది చాలు, పెద్ద కుక్కకు అంగుళం వెడల్పు, చిన్నదానికి అందులో సగం. ముందు రింగుకు తగిలించి, కుక్క ఎడమ పక్కన ఉండగా మూడడుగులు వేయండి. లీష్ వదులుగా ఉంటే మీ మోకాలి పక్కనే ముక్క ఇవ్వండి. చేయి ముందుకు చాచి ఇస్తే కుక్క ముందుకే నేర్చుకుంటుంది. బిగుసుకుందా, కదలకుండా ఆగిపోండి. తిట్టొద్దు, వెనక్కి గుంజొద్దు. అది తల తిప్పి చూసినా, ఒక్క అడుగు వెనక్కి వేసినా లీష్ వదులవుతుంది. ఆ క్షణమే ‘గుడ్’ అని ముక్క, మళ్లీ నడక. హాల్లో బాగా వచ్చాక కారిడార్, తర్వాత బేస్‌మెంట్ పార్కింగ్, తర్వాత కాంపౌండ్ లోపల రౌండు, చివరికి గేటు బయట. ఒక్కో చోటుకు మారినప్పుడల్లా కుక్క సగం మర్చిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి మరిచిపోదు. కొత్త వాసనల మధ్య అదే పాఠం దానికి కొత్త పాఠమే, మళ్లీ మూడడుగుల నుంచి మొదలుపెట్టాలి.

ఇందులో ఎక్కువ చెడిపోయేది ఇంట్లోవాళ్ల వల్లే. కుక్క లాగితే నాన్నగారు ఆగుతారు, పిల్లలు దాని వెనకే పరిగెడతారు, పనమ్మాయి ‘బారో బారో’ అని కన్నడలో పిలుస్తుంది, ట్రైనర్ ఇంగ్లిష్‌లో చెప్పి పోతాడు. కుక్కకు ఏ భాషైనా ఒకటే గాని, ఒక పనికి ఒకే మాట ఉండాలి. ఫ్రిజ్ తలుపు మీద ఐదు మాటలు రాసి అంటించండి: రా, ఆగు, కూర్చో, వదులు, ఇటు. ఒక్కరు లాగనిచ్చినా మిగతా వాళ్ల శ్రమ వృథా, ఎందుకంటే అప్పుడప్పుడు ఫలించే అలవాటును కుక్క అంత తేలిగ్గా వదులుకోదు.

వాకింగ్ మొత్తం ముందు రింగుతోనే చేయించనక్కర్లేదు. మొదటి పది నిమిషాలు వీపు రింగుకు మార్చి, పచ్చగడ్డి ఉన్నచోట ఇష్టం వచ్చినట్టు వాసన చూడనివ్వండి. తలెత్తకుండా ఒకే స్తంభాన్ని అది రెండు నిమిషాలు చదువుతుంటే మనకు విసుగే. కానీ కుక్క కాళ్లతోనే కాదు, ముక్కుతో కూడా అలుస్తుంది. తర్వాత ముందు రింగు పెడితే పాఠం సాఫీగా సాగుతుంది.

ఇక బెంగళూరు రోడ్లు. ఫుట్‌పాత్ పగుళ్లు, దాని మీదికెక్కే బైకులు, ప్రతి మలుపులో తమ జాగా కాసే వీధి కుక్కలు. ముందు రింగు నిజంగా ఆదుకునేది ఇక్కడే, కుక్కను ఒక్క కదలికతో వెనక్కి తిప్పొచ్చు. అయితే ‘ఇటు’ అన్న మాట ఇంట్లో ముందే నేర్పి ఉండాలి: మాట అని, గిర్రున తిరిగి, వెంట వచ్చినందుకు రెండు ముక్కలు. రోజుకు పదిసార్లు హాల్లో ఆడినా అదొక ఆటే. వీధి కుక్కలు మొరుగుతూ వస్తే పరిగెత్తకండి. జేబులోని గుప్పెడు తిండి వాటి వైపు విసిరి, ‘ఇటు’ అని రోడ్డు అవతలికి నడవండి. లీష్ బిగబట్టి నిలబడితే మీ కుక్క రొమ్ము ముందుకు చాచి మొరుగుతుంది, ఎదుటివాటికి అది సవాలుగానే కనిపిస్తుంది. లిఫ్టులో లీష్ పొట్టిగా పట్టుకుని కుక్కను మూలకు, మీ కాలికీ గోడకూ మధ్యన ఉంచండి. కుక్కలు లిఫ్టు ఎక్కకుండా అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అది చేతిలో ఉంది కదా అని భయపడే పిల్లాడున్న లిఫ్టులోకి దూరక్కర్లేదు, తర్వాతి దాని కోసం ఆగితే పోలా.

పోటీగా షాపులో అమ్మే మిగతా వాటి గురించి రెండు మాటలు. బటన్ నొక్కితే సాగే లీష్ ఈ ఊరికి పనికిరాదు. ఐదు మీటర్ల అవతల ఉన్న కుక్కను ఆటో ముందు నుంచి వెనక్కి తేలేరు, సన్నతాడు చేతిని కోస్తుంది, ప్లాస్టిక్ పిడి కిందపడితే ఆ చప్పుడుకే కుక్క బెదిరి పరిగెడుతుంది. పైగా ఎప్పుడూ కొంచెం బిగుతుగానే ఉంటుంది కాబట్టి బిగుతే మామూలని నేర్పుతుంది. చోక్ చైన్ (లాగితే మెడకు బిగిసే గొలుసు), ముళ్ల కాలర్ గొంతును దెబ్బతీస్తాయి. మెడ బెల్టు మీద లాగుడు పడితే కంటిలోని ఒత్తిడి కూడా పెరుగుతుంది, హార్నెస్‌తో ఆ సమస్య ఉండదు. మూతికి తొడిగే హెడ్ హాల్టర్ బలమైన కుక్కను బాగానే ఆపుతుంది గాని, అలవాటు చేయడానికి వారాలు పడుతుంది, అది ఒక్కసారి దూకితే మెడ గట్టిగా విరుచుకుంటుంది.

హార్నెస్ లోపాలు కూడా చెప్పాలి. లీష్ తరచూ ముందుకాలి కిందికి పోతుంది, ఆగి తీయాల్సిందే. ఒకే పక్కకు తిప్పి తిప్పి హార్నెస్ అంతా ఆ పక్కకు జారుతుంది. రెండు కొక్కేలున్న లీష్ కొని ఒకటి ముందు, ఒకటి వీపు రింగుకు తగిలిస్తే ఈ రెండూ చాలావరకు తగ్గుతాయి. చిన్న కుక్కలకు బరువైన ఇత్తడి కొక్కెం రొమ్ము మీద ఊగుతూ కాళ్లకు తగులుతుంది, తేలికది అడగండి. వానాకాలంలో లోపలి మెత్త నీళ్లు పీల్చి గంటలకొద్దీ ఆరదు. తడి మెత్త కింద చర్మం కుళ్లి పుండు పడుతుంది, వాసన సరేసరి. జూన్ నుంచి అక్టోబరు దాకా రెండు హార్నెస్‌లు మార్చి మార్చి వాడడం, లేదా మెత్త లేని ఉత్త నైలాన్ పట్టీలది కొనడం మేలు. ఇంటికి రాగానే విప్పి పట్టీ ఉన్న చోట్లు, చంకలు, చెవుల లోపల, వేళ్ల సందులు తడిమి చూడండి. పిడుదులు దాక్కునేది అక్కడే, ఈ ఊళ్లో వాటికి సెలవు సీజన్ లేదు. పిల్లకు పళ్లు మారే నాలుగు నుంచి ఆరేడు నెలల మధ్య హార్నెస్ ఒంటి మీదే ఉంచి వదిలేస్తే పట్టీ నమిలి తెంపుతుంది, మింగితే ఆపరేషన్ దాకా పోతుంది.

ఏ కుక్కకు కొనాలి? ఆరు నెలలు దాటి, ఒళ్లొచ్చి బుద్ధి రాని లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, బీగిల్, జర్మన్ షెపర్డ్‌లకు దీన్ని మించింది లేదు. పగ్, షిట్జులకు అదే ‘వై’ ఆకారంలో వీపు రింగు చాలు, పొట్టి ముక్కు కుక్కలకు మెడ బెల్టు మీద లాగుడు పడకపోవడమే ముఖ్యం. షిట్జు వెంట్రుకలు పట్టీ కింద ఉండకట్టుకుంటాయి, రోజూ దువ్వాలి. ముధోల్, రాజపాళయం, చిప్పిపారై లాంటి వేట కుక్కలకు, నడుము సన్నగా ఉన్న నాటు కుక్కలకు మామూలు హార్నెస్ వెనక్కి జారిపోతుంది. నడుము దగ్గర మూడో పట్టీ ఉన్నది వెతకాలి. ముధోల్‌కు తల కన్నా మెడే లావు, మామూలు కాలర్ కూడా నిలవదు. లాగితే కొంత మేరకే బిగిసే మార్టింగేల్ కాలర్‌ను హార్నెస్‌కు కలిపి కట్టుకుంటే ఒకటి జారినా ఇంకొకటి పట్టుకుంటుంది.

రెండు నెలల పిల్లకు ఇప్పుడే ఖరీదైనది వద్దు, మొదటి ఏడాదిలో రెండు మూడు సైజులు మారుతాయి. టీకాలు పూర్తవడానికి నాలుగో నెల దాకా పడుతుంది, కొత్త వాటికి భయపడకుండా అలవాటు పడే వయసు మాత్రం మూడున్నర నెలలకే ముగుస్తుంది. కాబట్టి అప్పటిదాకా చవకరకం తొడిగి, నేల మీద దించకుండా ఎత్తుకునే గేటు దాకా తీసుకెళ్లి ఆటోలు, హెల్మెట్లు, పాలవాడి బండి చూపించండి, ఇంట్లో కుక్కర్ విజిల్‌కు ఒక ముక్క ఇవ్వండి. బయటి మనుషుల్ని, కుక్కల్ని చూసి పళ్లు చూపించే పెద్ద కుక్కకు హార్నెస్ మార్చి లాభం లేదు. దానికి ముందు వెటర్నరీ డాక్టరు, తర్వాత కొట్టకుండా నేర్పే ట్రైనర్ కావాలి.

కాంపౌండ్ రౌండు వారం పాటు లీష్ వదులుగా సాగితే వీపు రింగుకు మారిపోవచ్చు. దీపావళి టపాసుల వారంలో మాత్రం రెండు కొక్కేలూ తగిలించండి. చల్లటి నీళ్లలో కాస్త సబ్బుతో ఉతికి నీడన ఆరేయాలి. ముందు రింగు కుట్లలో ఒక్క పోగు లేచినా, ప్లాస్టిక్ బకిల్ మీద తెల్లటి గీత కనిపించినా కుట్టించొద్దు, అంటించొద్దు, కొత్తది కొనండి.