గ్రాన్ కనారియాలో రథసప్తమి ఎండ

కాకినాడ నుంచి డిసెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్ వచ్చిన మా అమ్మ, మూడు వారాలు గడిచినా ఒంటికి ఎండ తగలక, మోకాళ్ల నొప్పులు ఎక్కువై, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఆకాశం వంక చూస్తూ కూర్చునేది. సంక్రాంతి వెళ్లాక ఆమెను ఎక్కడైనా ఎండ కాచే చోటికి తీసుకెళ్లాలని మావారూ నేనూ అనుకున్నాము. నాలుగేళ్ల పాపతో, డెబ్బై దగ్గర పడుతున్న అమ్మతో విమానంలో ఐదు గంటలకు మించి కూర్చోలేము కనుక, అట్లాంటిక్ మహాసముద్రంలో ఆఫ్రికా తీరానికి దగ్గరగా ఉన్న స్పెయిన్ దీవి గ్రాన్ కనారియాను ఎంచుకున్నాము. దీవి ఉన్నది దాదాపు ఢిల్లీ అక్షాంశం మీదే అయినా, చుట్టూ సముద్రం ఉండడం వల్ల జనవరిలో తీరం వెంబడి పగలు 20 నుంచి 22 డిగ్రీలు, రాత్రి 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. అమ్మకు జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా ఈ దీవులకూ చెల్లుతుంది కాబట్టి వేరే వీసా అవసరం పడలేదు. జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగ దాటితే బస ధరలు బాగా దిగుతాయి. మేము చూసుకున్న అపార్ట్‌మెంటుకే క్రిస్మస్ వారంలో దాదాపు రెట్టింపు అద్దె ఉంది.

ఈ దీవికి వెళ్లేవారు హోటలు నక్షత్రాల కన్నా ముందు చూసుకోవలసింది దిక్కు. ఈశాన్యం నుంచి వీచే వ్యాపార పవనాలు మేఘాలను తెచ్చి ఉత్తరపు వాలుల మీద ఆపుతాయి. నడుమ ఉన్న ఎత్తైన కొండలు అడ్డుపడడంతో దక్షిణ తీరం పొడిగా, ఎండగా ఉంటుంది. పడమటి కనుమల చాటున అనంతపురానికి వాన ఎందుకు తక్కువో తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు. అయితే దక్షిణమంతా ఒక్కలా ఉండదు. ఆగ్నేయంలో గాలి జోరు ఎక్కువ, మాస్పలోమాస్ దగ్గర మధ్యాహ్నాలు ఇసుక ఎగిరి కాళ్లకు కొడుతుంది, నైరుతిలో ప్యూర్టో రికో, మొగాన్ వైపు గాలి తగ్గి వెచ్చగా ఉంటుంది. అందుకే ఎనిమిది రాత్రుల్లో ఐదు ప్యూర్టో రికోలో, మూడు ఉత్తరాన రాజధాని లాస్ పల్మాస్‌లో గడపాలని నిర్ణయించుకున్నాము. (ఈ ప్యూర్టో రికో అదే పేరున్న కరీబియన్ దీవి కాదు, గ్రాన్ కనారియాలోనే ఒక తీర పట్టణం.)

ప్యూర్టో రికోలో మేము చేసిన పొరపాటు ఎత్తును లెక్క చూసుకోకపోవడం. ఆ ఊరు ఒక లోయ. అపార్ట్‌మెంట్లన్నీ రెండు వైపులా కొండకు మెట్లు మెట్లుగా కట్టి ఉంటాయి. ఫోటోలో సముద్రం అద్భుతంగా కనిపించిన మా బసకు వీధి నుంచి ఎనభైకి పైగా మెట్లు ఉన్నాయి. ఉన్న ఒక్క లిఫ్టు రెండో రోజే ఆగిపోయి, మేము ఖాళీ చేసేదాకా బాగుపడలేదు. ఈత కొలను ఉందని రాశారు గాని వేడినీటి కొలను అని రాయలేదని అక్కడికి వెళ్లాకే గమనించాము. పాప పాదం పెట్టి వెంటనే వెనక్కి తీసుకుంది. చలికాలంలో వెళ్లేవారు ‘క్లిమాతిసాదా’ (నీటిని వేడిచేసి ఉంచే కొలను) అన్న మాట ఉందో లేదో చూసి, ఉంటే ఎన్ని డిగ్రీలు ఉంచుతారో రాతపూర్వకంగా అడగడం మంచిది. ఇంకొక విషయం, ఈ ఇళ్లలో చాలావాటికి హీటర్లు ఉండవు, నేలంతా చలువ రాయి. రాత్రిపూట అమ్మకు రెండు దుప్పట్లు, మేజోళ్లు కావలసి వచ్చాయి.

రథసప్తమి మేము అక్కడ ఉన్నప్పుడే వచ్చింది. సాయంత్రపు ఎండ కోసం మేము ఏరి కోరి పడమటి బాల్కనీ తీసుకున్నాము. అమ్మకు కావలసింది ఉదయపు సూర్యుడు. జిల్లేడు ఆకులు దొరకవు, పిడకలు లేవు. కరెంటు పొయ్యి మీదే పాలు పొంగించి, చిన్న గిన్నెలో పరమాన్నం పట్టుకుని ఆమె మెట్లన్నీ నెమ్మదిగా దిగి ఒడ్డుకు వచ్చింది. ఎనిమిది దాటినా ఎండ ఎదుటి కొండ నెత్తి మీదే ఆగి ఉంది. ముందు కట్ట మీది రాళ్లు, తరువాత పడవల తెరచాప కొయ్యలు, ఆ తరువాత ఇసుక వెలిగాయి. వెలుగు తన పాదాల దాకా వచ్చినప్పుడు ఆమె గిన్నె కింద పెట్టి రెండు చేతులూ ఎత్తింది. ఆ తరువాత మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, తల మీద మూడు దోసిళ్లు పోసుకుంది. జనవరిలో ఆ నీరు 19 డిగ్రీలే ఉంటుంది. మన సముద్రానికి అలవాటు పడినవారికి అది చన్నీళ్ల స్నానమే.

అక్కడి నుంచి అమదోరెస్ దాకా కొండ అంచున సముద్రం మీదుగా వేసిన కాలిబాట ఈ ప్రాంతంలో నాకు బాగా నచ్చినది. మెట్లు లేవు, ఇరవై నిమిషాల నడక, పిల్లల బండి సాఫీగా వెళుతుంది. అమదోరెస్ మనుషులు తీర్చిన తీరమే, బయటి నుంచి తెచ్చిన తెల్లని ఇసుక, రెండు వైపులా అలలను ఆపే గట్లు. చిన్నపిల్లలు ఉన్నవారికి ఇంతకన్నా నెమ్మదైన నీళ్లు ఈ దీవిలో నాకు కనబడలేదు. మాస్పలోమాస్ ఇసుక దిబ్బలు చూడదగ్గవే గాని, అది రక్షిత ప్రాంతం కనుక గుర్తులు పెట్టిన దారుల్లోనే నడవాలి. దిబ్బలకు ముందున్న తీరంలో కొంత మేర దుస్తులు లేకుండా తిరిగేవారు ఉంటారు, పెద్దవారితో వెళ్లేవారు దీపస్తంభం వైపు నుంచి వెళ్లడం మేలు.

శాకాహారులమైన మాకు తిండి ఇబ్బంది అనుకున్నంత కాలేదు. చిన్న బంగాళాదుంపలను బాగా ఉప్పు వేసి తొక్కతో ముడతలు పడేదాకా ఉడికించి, వెల్లుల్లి, ఎర్ర మిరప, నూనె, వెనిగర్ కలిపి నూరిన ‘మోహో’తో పెడతారు. అమ్మ దాన్ని పచ్చడి అనే పిలిచింది. వేయించిన మొక్కజొన్న లేదా గోధుమల పిండి ‘గోఫియో’ నోట్లో వేసుకోగానే, ఇది తొలి ఏకాదశి పేలపిండే కదమ్మా, బెల్లం ఒక్కటే తక్కువ అన్నది. ఆకుకూర సూపులలో మాత్రం పంది మాంసం ఉండవచ్చు, అడగకుండా తినకూడదు.

కొండల కోసం రెండు రోజులు కారు తీసుకున్నాము. అద్దె తక్కువ అని చూపిన సంస్థ, కౌంటరు దగ్గర క్రెడిట్ కార్డు మీద పెద్ద మొత్తం నిలిపి ఉంచింది, మా డెబిట్ కార్డు ఒప్పుకోలేదు. తెహెదా ఊరి దారి వంపుల్లో పాపకు ఒకసారి వాంతి అయింది. కాని జనవరి చివర అక్కడ బాదం చెట్లు ఆకు లేకుండా తెల్లగా, లేత గులాబీగా పూస్తాయి, వాటి వెనుక సముద్ర మట్టానికి 1813 మీటర్ల ఎత్తున ఉన్న రోకే నుబ్లో రాయి, ఇంకా దూరాన మేఘాల పైన పక్క దీవిలోని తేయిదే పర్వతం కనిపిస్తాయి. ఆ ఎత్తులో గాలికి స్వెట్టర్లు తప్పనిసరి.

మిగిలిన రోజులకు నీలం రంగు బస్సులు చాలు. అక్కడివారు బస్సును ‘వావా’ అంటారు, పాపకు ఆ మాట ఎంతో నచ్చింది. లాస్ పల్మాస్‌కు అందులోనే వెళ్లాము. సుమారు మూడు కిలోమీటర్ల లాస్ కాంతెరాస్ తీరానికి సముద్రంలో ఒక రాతి వరుస అడ్డు ఉండడంతో, పోటు తగ్గినప్పుడు నీళ్లు చెరువులా నిలుస్తాయి. సాయంత్రాలు తాతలు, బామ్మలు, బడి పిల్లలు అదే బాటలో నడుస్తారు. ప్యూర్టో రికోలో పర్యాటకుల మధ్య ఉన్న అమ్మ ఇక్కడికి వచ్చాకే ఊళ్లో ఉన్నట్టుంది అన్నది. మూడు రోజుల్లో ఒకటిన్నర రోజు మబ్బు పట్టింది. ఒక రోజు సహారా ధూళి వచ్చి ఆకాశం పసుపు పచ్చగా మారింది. దీన్ని ‘కలీమా’ అంటారు, 2020 ఫిబ్రవరిలో ఇది విమానాశ్రయాలనే మూయించింది. ఉబ్బసం ఉన్నవారు మందులు చేతి సంచిలోనే ఉంచుకోవాలి.

మళ్లీ వెళితే అమదోరెస్‌లో తీరానికి సమంగా, మెట్లు లేని చోట నాలుగు రాత్రులు, తెహెదాలో ఒకటి, లాస్ పల్మాస్‌లో మూడు ఉంటాము. బాల్కనీ తూర్పుకు ఉండాలో పడమరకు ఉండాలో ఈసారి అమ్మనే అడిగి తీసుకుంటాము.