ఏనుగుల దుఃఖాన్ని చదివిన తల్లి

అమెరికన్ రచయిత్రి జోడి పికో 2014లో వెలువరించిన ‘లీవింగ్ టైమ్’ నవలలో ఆలిస్ మెట్‌కాఫ్ ఏనుగుల దుఃఖాన్ని పరిశోధించే శాస్త్రవేత్త. న్యూ హాంప్‌షైర్‌లోని ఏనుగుల సంరక్షణ కేంద్రంలో ఒక రాత్రి ఒక ప్రాణం పోతుంది. ఆ తరువాత ఆలిస్ జాడ తెలియదు. అప్పటికి ఆమె కూతురు జెన్నాకు మూడేళ్లు. పదేళ్ల తరువాత, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న ఆ పిల్ల తల్లి రాసుకున్న నోటుపుస్తకాలను ఆధారం చేసుకుని ఆమెను వెదకడానికి పూనుకుంటుంది.

చనిపోయిన గున్నను విడిచి కదలలేని తల్లి ఏనుగును అంత శ్రద్ధగా గమనించిన మనిషి, బతికున్న తన బిడ్డను ఎలా వదిలి వెళ్లగలిగింది? జెన్నా పైకి అనకపోయినా ప్రతి అధ్యాయంలోనూ ఈ ప్రశ్నే వినిపిస్తుంది. నవలకు ప్రాణం అదే.

అందుకే ఆలిస్ తానుగా చెప్పే అధ్యాయాలు నాకు అన్నింటికంటే నచ్చాయి. ఏనుగు దాదాపు 22 నెలలు కడుపున మోసి కంటుంది. మగ గున్నలు ఎదిగాక మందను వీడినా, ఆడ గున్నలు సాధారణంగా జీవితాంతం తల్లి మందలోనే ఉండిపోతాయి, పిల్లల పెంపకంలో అక్కలూ పినతల్లులూ చేయి వేస్తారు. దారిలో ఏనుగు పుర్రె కనబడితే మంద ఆగి, తొండం కొసతో దాన్ని తడిమి, పాదంతో మెల్లగా కదిపి చూస్తుంది. ఇవన్నీ ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో ఆలిస్ పొందిన అనుభవాలలో కలిసిపోయి వస్తాయి కాబట్టి పాఠం విన్నట్టు అనిపించదు. అక్కడక్కడ పరిశోధన పత్రంలా సాగే పేజీలు లేకపోలేదు. వాటిని దాటవేసేవారిని తప్పుపట్టను గాని, నేను రెండోసారి తీసి చదివింది వాటినే.

జెన్నాకు తోడుగా వచ్చే ఇద్దరిలో సెరెనిటీ ఒకప్పుడు ఆత్మలతో మాట్లాడగలదని పేరుపొందిన మనిషి, వర్జిల్ తాగుడుకు బానిసైన మాజీ పోలీసు. వారి హాస్యం బాగున్నా, కథ మధ్యలో కొంత సాగదీసింది.

ముగింపులో పెద్ద మలుపు ఉంది. దాన్ని బయటపెట్టను. మొదట మోసపోయాననిపించి కోపం వచ్చింది. వెంటనే మొదటి అధ్యాయాలకు వెళ్లి, జెన్నా మాటలకు ఎవరెవరు బదులిస్తున్నారో ఒక్కొక్కటిగా చూసుకున్నాను. రచయిత్రి ఎక్కడా అబద్ధమాడలేదు.